బూట్లకు తొడిగే ఉక్కు ముళ్లు: మంచుగడ్డ మీద భరోసా, నున్నని రాతి మీద ప్రమాదం

గడ్డకట్టిన దారుల్లో నడవవలసిన వారి కోసం మామూలు బూట్ల మీదే తొడుక్కునే రబ్బరు పట్టీలు దొరుకుతున్నాయి. వాటి అడుగున పొట్టి ఉక్కు ముళ్లు బిగించి ఉంటాయి. చలికాలమంతా వాటిని వాడిన మీదట, అవి తప్పక కొనదగిన వస్తువేనని, అయితే ఎక్కడ తొడగాలో కన్నా ఎక్కడ విప్పాలో తెలుసుకోవడం ముఖ్యమని నాకు గట్టిగా అనిపించింది.

సమతలమైన నేల మీద మామూలుగా నడవడానికి దాదాపు 0.2 ఘర్షణ గుణకం (అడుగుకు నేల మీద ఎంత పట్టు దొరుకుతుందో చెప్పే సంఖ్య) సరిపోతుంది. పొడి కాంక్రీటు మీద రబ్బరు అడుగుకు అంతకు మూడు నాలుగు రెట్లు దొరుకుతుంది కానీ, కరగబోతున్న మంచుగడ్డ మీద అదే అడుగుకు 0.1 దొరకడం కూడా కష్టమే. మన బరువు వల్ల కలిగే ఒత్తిడికి మంచు కరిగి జారుతుందని చాలామంది ఇప్పటికీ నమ్ముతారు. మంచు కరిగే ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ తగ్గించడానికే వాతావరణ పీడనానికి సుమారు 135 రెట్ల ఒత్తిడి కావాలి కనుక, చదునైన బూట్లతో నిలబడిన మనిషి విషయంలో ఆ వివరణ నిలవదు. సున్నా డిగ్రీల కన్నా తక్కువ చలిలోనూ మంచు ఉపరితలాన ద్రవంలాంటి అతి పలుచని పొర ఉంటుందని ఆంగ్లేయ శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1850లోనే సూచించాడు. సున్నాకు దగ్గరయ్యే కొద్దీ ఆ పొర మందమవుతుంది. అందుకే కొరికే చలి రోజు కన్నా కాస్త వెచ్చబడిన మధ్యాహ్నమే నడిచేవారికి ఎక్కువ ప్రమాదకరం.

ముళ్లు ఈ పొరతో పోరాడవు, దాన్ని చీల్చుకుని కిందనున్న గట్టి మంచులో దిగబడతాయి. పాదం జారాలంటే ఆ మంచునే గీరుకుంటూ పోవాలి కనుక, రబ్బరు పూర్తిగా విఫలమయ్యే చోట కూడా ఇవి నిలబెడతాయి. తీగచుట్టలు అమర్చిన రకం తొక్కిడికి గట్టిపడిన మంచు మీద బాగానే పనిచేస్తుంది కానీ, అద్దంలా మెరిసే గడ్డ మీద అది ముళ్లకు సాటి రాదు.

నా ప్రధానమైన అభ్యంతరం తయారీదారుల మౌనం గురించి. పాలిష్ చేసిన రాతి మీద, పింగాణీ పలకల మీద ఉక్కు మొన దిగబడదు. పైగా నేలను తాకవలసిన రబ్బరును పైకెత్తేస్తుంది, కాబట్టి ముళ్లు లేని బూటు కన్నా ఎక్కువగా జారుతుంది. నున్నని రాతిమెట్ల మీద పలుచగా పేరుకున్న మంచు విషయంలోనూ ఇంతే: ముల్లు పొరను దాటి రాతిని తాకిన క్షణంలోనే పట్టు పోతుంది. ఈ హెచ్చరికను పెట్టె మీద పెద్ద అక్షరాలతో ముద్రించాలి, ఎందుకంటే బయట కలిగిన ధైర్యంతోనే మనిషి గుమ్మం దాటి లోపలికి అడుగు వేస్తాడు. అలాంటి మెట్లకు ఇసుక చల్లడమే మేలు. ఉప్పు మంచును కరిగిస్తుంది కానీ, సుమారు మైనస్ 9 డిగ్రీల కన్నా చలి పెరిగితే దాని పని బాగా మందగిస్తుంది.

కొనేటప్పుడు మడమ కింద ముళ్లు ఉన్నాయో లేదో చూడండి. ముందుకు వేసిన పాదం మడమ ఆనిన వెంటనే జారడమే ప్రమాదకరమైన పతనాలకు దారితీస్తుంది కనుక, మునివేళ్ల కింద మాత్రమే ముళ్లున్న చవక రకాన్ని, ముఖ్యంగా వృద్ధుల కోసం, నేను సిఫారసు చేయను.