మూత లేని పెన్నుతో తొమ్మిదేళ్లు

ఫోన్ ఎడమ చెవికి ఆనించుకుని ఉంటాను. అవతలివాళ్లు నంబరు చెప్పడం మొదలుపెట్టేసి ఉంటారు. కుడిచెయ్యి చూడకుండానే పెన్ను తోక పట్టుకుని లాగుతుంది. వాళ్లు రెండో అంకె చెప్పేలోపు మొదటి అంకె కాగితం మీద పడిపోతుంది. పాత డెస్క్ పెన్ సెట్టు మీద నాకున్న ప్రేమంతా ఈ రెండు క్షణాలదే. ఆ రాయి, ఆ బంగారు పూత, ఆ దర్జా ఉంటే సంతోషమే. లేకపోయినా వాడేవాణ్ణి.

సెట్టు రూపం మీకు తెలిసిందే. రాతి దిమ్మ, దాని మీద బాకాలాంటి సాకెట్, అందులో తలకిందులుగా గుచ్చిన, వెనక్కి తోకలా సన్నబడే పొడుగు పెన్ను. నాది 1930ల నాటి వాటం. కంపెనీ పేరు చెప్పను, కింద చెప్పబోయే గొడవలో వాళ్ల తప్పేమీ లేదు కాబట్టి. దిమ్మ ముందంచున ఒక చిన్న ఇత్తడి పలక ఉంది, దాని మీద ఎవరో ఒకాయన పేరు, పాతికేళ్ల ఉద్యోగానికి గుర్తుగా అన్న మాట. ఇలాంటి సెట్లు చాలావరకు ఇలా బహుమతులుగా పోయినవే. 1945లో అమెరికాలో బాల్‌పాయింట్లు అమ్మకానికి వచ్చాక వీటితో రాయాల్సిన అవసరం తగ్గిపోయింది, ఇచ్చిపుచ్చుకునే అలవాటు మాత్రం ఇంకొన్నాళ్లు నడిచింది. అందుకే ఈరోజు దొరికే సెట్లలో చాలా వాటి పాళీలు పెద్దగా అరిగి ఉండవు. తీసుకున్నవాళ్లు బల్ల మీద పెట్టుకున్నారు తప్ప రాయలేదు.

నా దగ్గర ఇంకా చాలా సామాను ఉంది. తడి సిరా అద్దడానికి వాడే అర్ధచంద్రాకారపు దిమ్మ, గాజు సిరాబుడ్లు, ఉత్తరాలు కోసే కత్తి, ఎందుకు కొన్నానో ఇప్పటికీ తెలియని ఒక తేళ్లాంటి క్లిప్పు. వాటన్నిటికీ నేను దుమ్ము దులుపుతాను. నాకు పనికొచ్చేది ఇదొక్కటే.

మామూలు ఫౌంటెన్ పెన్నుకి రెండు చేతులు కావాలి. మర మూత ఒకటిన్నర చుట్టు తిప్పాలి, ఆ మూతని వెనక తగిలించాలి, లేదా ఎక్కడో పెట్టి తర్వాత వెతుక్కోవాలి. రాసేది నాలుగు ముక్కలైతే ఈ తతంగమే రాతకంటే ఎక్కువ. మూత తీసి ఉంచితే నిమిషాల్లో పాళీ ఎండుతుంది. డెస్క్ పెన్నుకి బల్ల మీది బాకాయే మూత. తీస్తే మూత తీసినట్టే, పెడితే మూత పెట్టినట్టే.

తోక సంగతి మొదట్లో నాకు అర్థం కాలేదు, అలంకారం అనుకున్నాను. రెండు నెలలు రాశాక తెలిసింది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పల్లంలో అది ఆనితే పెన్ను బరువు దానంతటదే సర్దుకుంటుందని. ఇంకో లాభం ఎవరూ చెప్పరు. ఈ పెన్నుని ఎవరూ జేబులో వేసుకుని పోలేరు. క్లిప్పు లేదు, మూత లేదు, జేబులో దూరదు. "ఒక్కసారి పెన్ను ఇస్తారా" అని అడిగినవాళ్లు అక్కడే నిలబడి రాసి, ఎక్కణ్ణుంచి తీశారో అక్కడే పెట్టి వెళ్తారు. తొమ్మిదేళ్లలో ఇది గదిలోంచి బయటికి పోలేదు. మిగతా పెన్నుల గురించి ఆ మాట చెప్పలేను.

కొన్న కొత్తలో "పది రోజులు ముట్టుకోకపోయినా తియ్యగానే రాస్తుంది" అని కనపడ్డవాళ్లందరికీ చెప్పాను. అబద్ధం కాదు, కానీ అవి వానాకాలపు రోజులు. పెన్ను మెడ బాకా లోపలి తొడుగులో బిగుతుగా కూర్చుంటే లోపలి గాలి సిరా తేమతో నిండిపోతుంది, పాళీ ఆరదు. బయట గాలి పొడిగా ఉన్నప్పుడు, గదిలో ఏసీ తిరుగుతున్నప్పుడు నాలుగో రోజుకే మొదటి గీత తెల్లగా వస్తుంది. కాగితం మూల మీద రెండు సున్నాలు చుట్టాక మామూలుగా రాస్తుంది. కాబట్టి ఆ పది రోజుల్ని నాలుగు రోజులుగా సవరించుకోండి. పైగా నా సెట్టులో తొడుగు పగలలేదు. పగిలినవి చాలా వస్తాయట, వాటిలో పెన్ను ఒక పూటలో ఆరిపోతుంది. కొనేముందు బాకాలోకి టార్చి వేసి చూడటం మర్చిపోకండి. నేను చూడలేదు, అదృష్టం కొద్దీ బాగుంది.

మూడో ఏడు జరిగింది చెబుతాను.

రెండు వారాలు ఊళ్లో లేను. తిరిగొచ్చి బల్ల ముందు కూర్చున్నాను. పెన్ను లాగితే వచ్చింది, పాళీ మాత్రం ఎండు ఆకులా ఉంది. సిరా నింపే వెళ్లానని బాగా గుర్తు. దిమ్మ పైకి చూస్తే శుభ్రంగానే ఉంది. వెలుగులో వంచి చూశాను. తేనెరంగు రాయి లోపల, దాని చారల వెంబడి, నీలం దారాలు పాకి ఉన్నాయి. పైన కాదు, లోపల. దిమ్మ ఎత్తితే కింద అంటించిన ఫెల్టు గుడ్డ నానిపోయి బల్లకి అతుక్కుని ఉంది.

ఏం జరిగిందో తర్వాత విప్పి చూశాక తెలిసింది. ఈ పెన్నుల్లో సిరా ఒక రబ్బరు తిత్తిలో ఉంటుంది. పక్కన లీవర్ ఎత్తితే లోపలి రేకు తిత్తిని నొక్కుతుంది, వదిలితే అది ఉబ్బుతూ సిరా పీల్చుకుంటుంది. అమెరికాలో అయొవా రాష్ట్రంలోని ఫోర్ట్ మ్యాడిసన్‌లో నగల దుకాణం నడిపిన వాల్టర్ షేఫర్ ఈ లీవర్ ఏర్పాటుకి 1908లో పేటెంట్ తీసుకున్నాడు. నూరేళ్లు దాటినా చక్కగా పనిచేసే ఉపాయం. రబ్బరే పాతబడుతుంది. నాకు అమ్మినాయన "కొత్త తిత్తి వేశాం" అన్నాడు. వేసిన మాట నిజమే. అంటించింది మాత్రం పగడమంత గట్టిగా ఎండే ఇన్‌స్టంట్ జిగురుతో. ఆ జిగురు పెళుసెక్కిన అంచు దగ్గర రబ్బరు జుట్టంత చీలింది. పెన్ను నిలబడేది పాళీ కిందికి పెట్టి. చీలికలోంచి గాలి లోపలికి పోతుంటే పైన సిరాని ఆపేది ఏమీ ఉండదు. మొత్తం బాకాలోకి దిగింది, అడుగున మర బిగించిన చోట సన్నని సందులోంచి రాయిలోకి దిగింది. రెండు వారాలు తీరిగ్గా.

ఇక్కడిదాకా అమ్మినాయన తప్పు. ఇకమీదటిది నాది.

నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచాను, మరక కదల్లేదు. సబ్బు రాశాను, కదల్లేదు. నిమ్మరసంతో సిరా మరకలు పోతాయని చిన్నప్పుడెప్పుడో విన్నమాట గుర్తొచ్చింది. అరచెక్క నిమ్మకాయ పిండి, దూది ముంచి మరక మీద పెట్టి కాఫీ తాగడానికి వెళ్లాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే. వచ్చి దూది ఎత్తేసరికి నీలం అలాగే ఉంది. దూది ఉన్నంత మేర రాయి మెరుపు పోయి సుద్దముక్కలా తెల్లబోయి ఉంది. వేలితో తడిమితే గరుకు.

ఆ సాయంత్రం నేర్చుకున్నది ఈ సరుకు కొనేవాళ్లందరికీ మొదటి పాఠంగా చెప్పాలి. డెస్క్ సెట్లలో ఓనిక్స్ అని పిలిచేది చాలాసార్లు అసలు ఓనిక్స్ కాదు. అసలు ఓనిక్స్ క్వార్ట్జ్ జాతి, రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కేసే మోస్ కొలతలో కాఠిన్యం 7 దరిదాపుల్లో ఉంటుంది, నిమ్మరసం దాన్ని ఏమీ చెయ్యదు. తేనెరంగు, ఆకుపచ్చ చారలతో కాంతి లోపలికి చొరబడే ఈ దిమ్మలు కాల్సైట్, అంటే చలువరాయికి దగ్గరి చుట్టం. కాఠిన్యం 3. ఆమ్లం తగిలితే బుడగలు లేస్తాయి, కార్బన్ డయాక్సైడ్ పోతుంది, రాయి కరిగిపోతుంది. ఆ చారలే అందం, ఆ చారల్లోంచే సిరా నడిచింది. ఇనుము కలిసిన పాతకాలపు నల్లసిరా వాడి ఉంటే అదీ ఆమ్లమే కనక నా నిమ్మకాయ కోసం ఆగేదే కాదు. నేను పోసింది ఉతికితే పోయే రకం నీలం కాబట్టి మరకతో సరిపోయింది.

తేడా కనిపెట్టడానికి ఆమ్లం చుక్క అక్కర్లేదు. దిమ్మ అడుగున, ఎవరికీ కనపడని చోట, చాకు మొనతో సన్నగా గీసి చూస్తే చాలు. గీత పడితే కాల్సైట్. అమ్మేవాళ్లు గీయనివ్వరనుకోండి, అప్పుడు కాల్సైటే అనుకుని కొనుక్కోవడం మేలు.

బాగుచేసుకోవడం నెల పట్టింది. ఫెల్టు ఊడదీసి, కింద నట్టు విప్పి, బాకాని వేరుచేశాను. తడి ఇసుక కాగితం 1000 నంబరు నుంచి మొదలుపెట్టి ఇంకా నున్నని 3000 దాకా, ఆ తర్వాత చలువరాయికి వాడే మెరుగు పొడితో గుడ్డ మీద రుద్దాను. మెరుపు తొంభై పాళ్లు తిరిగొచ్చింది. దీపం పక్కనుంచి పడితే మాత్రం అక్కడ కాస్త పల్లం కనపడుతుంది, ఎవరో వేలితో నొక్కి వదిలినట్టు. లోపలి నీలం పోలేదు. కాస్త పలచబడింది, నాలుగేళ్లుగా అంతే ఉంది.

తిత్తి వేయడం రాయితో పోలిస్తే సులువు. వాటి సైజు నంబరు అంగుళంలో 64 వంతుల లెక్క, 16 నంబరంటే పావు అంగుళం. పెన్ను మెడ ఊడదీయడానికి పొడి వేడి కావాలి, హెయిర్ డ్రయర్ దూరంగా పట్టుకుని. మంట దగ్గరికి తేకూడదు, సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ పెన్ను అయితే భగ్గుమంటుంది. వేడినీళ్లు కూడా వద్దు, గట్టి రబ్బరుతో చేసిన పాత పెన్నులు నీళ్లలో నానితే నలుపు పోయి గోధుమరంగుకి తిరుగుతాయి. అంటించడానికి లక్కే వాడాలి. మళ్లీ తిత్తి మార్చాల్సి వచ్చినప్పుడు గోరువెచ్చని వేడికి అది వదులుతుంది, ఇన్‌స్టంట్ జిగురు వదలదు. నేను వేసిన తిత్తికి ఆరేళ్లు నిండాయి, బాగానే ఉంది. అయినా రెండ్రోజులకి మించి ఊరెళ్తే పెన్ను ఖాళీ చేసి, కడిగి, పడుకోబెట్టి వెళ్తాను. అంటే "నింపి వదిలేయొచ్చు" అని నేను మొదట్లో మెచ్చుకున్న గుణం నా చేతిలో ఇప్పుడు లేదు.

ఆ విప్పడంలోనే ఇంకొకటి బయటపడింది. బాకా మర, దిమ్మ కన్నం ఒకదానికొకటి సరిపోలేదు, మధ్యలో కాగితం చుట్టి బిగించారు. అంటే బాకా ఒక సెట్టుది, దిమ్మ ఇంకో సెట్టుది. సేకరించేవాళ్లు ఇలాంటివాటిని మ్యారీడ్ సెట్ అంటారు. ఇది రెండో పెళ్లన్నమాట, ఆ సందు అందుకే. ఒక రోజంతా బాధపడ్డాను. తర్వాత పట్టు వదిలేశాను, ఎందుకంటే దీన్ని అమ్మే ఉద్దేశం నాకు లేదు, తోక పట్టుకుని లాగితే వస్తోంది. అమ్మి లాభం చూసుకునేవాళ్లకి మాత్రం ఇది చిన్న విషయం కాదు. కాగితం తీసేసి రబ్బరు వాషర్ వేశాను. ఇప్పుడు బాకా తిప్పితే బిగుతుగా తిరిగి, ఎక్కడ ఆపితే అక్కడే ఆగుతుంది. ముందు ఏడాదికోసారి మెడ వాల్చేసేది.

కొనమంటారా అని అడిగితే నా పరిస్థితి చెప్పాలి. నాకు కదలని బల్ల ఉంది, రోజూ కూర్చునేది దాని ముందే, రాసేది చిన్న చిన్న ముక్కలు. ఇంట్లో పాకే పిల్లలు లేరు. పిల్లి ఉండేది, దానికి ఆ తోక అంటే నాకంటే ఎక్కువ ప్రేమ. అది ఉన్న రెండేళ్లు సెట్టు అలమరాలోనే ఉంది. పేజీలు పేజీలు రాసేవాళ్లకి దీంతో ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు, వాళ్లు ఎలాగూ మూత ఒక్కసారే తీస్తారు. లాప్‌టాప్ చంకనపెట్టుకుని గది గదికీ మారేవాళ్లకి ఇది బరువు. ఒకే చోట కూర్చుని, మధ్యమధ్యలో గీకేవాళ్లైతే చూడొచ్చు. రాతి దిమ్మ కంటే గాజు దిమ్మ వెతుక్కోండి. అందం ఒక పిసరు తక్కువ, సిరా కారితే తుడిస్తే పోతుంది. నాకు మళ్లీ కొనే అవకాశం వస్తే గాజుదే కొంటానని అనుకుంటాను, కానీ సాయంత్రం వెలుగు ఆ తేనెరంగు చారల్లోకి దిగినప్పుడు అంత గట్టిగా అనలేను.

ఆ ఇత్తడి పలక గురించి అడుగుతారు కొందరు, పరాయివాడి పేరు బల్ల మీద ఎందుకని. దాని వెనక ఉన్నవి రెండే చిన్న మరలు. పలకని రెండు అంగుళాలు ఎడమకి జరిపితే నీలం మరక సరిగ్గా దాని కింద దాగుతుంది, నిమ్మకాయ పల్లం కూడా సగం కప్పుకుంటుంది. కొత్త కన్నాలు వేయడానికి సన్నని డ్రిల్లు కూడా తెచ్చాను, సొరుగులో ఉంది. ఇంకా జరపలేదు.