లాక్‌డౌన్ నాటి మిద్దె తోట కిట్: సంచులు సరే, పాళ్లే కుదరవు

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక చాలామంది చూపు డాబా మీదికి మళ్లింది. ఇంట్లోనే కూర్చుని కూరగాయలు పండించుకోవచ్చంటూ ఆన్‌లైన్ దుకాణాలు "మిద్దె తోట స్టార్టర్ కిట్" అమ్మాయి. ఇప్పటికీ దాదాపు అదే పెట్టె, అదే సరుకు. 12×12 అంగుళాల (వెడల్పు, ఎత్తు) గ్రో బ్యాగులు, అంటే మొక్కలు పెంచే సంచులు 5, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఇటుక 5 కిలోలది ఒకటి, వర్మీకంపోస్టు 5 కిలోలు, వేపపిండి ఒక కిలో, పది రకాల విత్తనాలు, ఒక చిన్న తవ్వుగోల, ఒక స్ప్రే సీసా. కంపెనీని బట్టి ఒకటీ అరా మారతాయంతే. సంచులు గట్టివైతే ఈ కిట్ కొనొచ్చు. కానీ పెట్టెలో ఉన్నవాటితోనే పంట చేతికొస్తుందనుకుంటే మాత్రం నిరాశ తప్పదు. లెక్క వేసి చూడండి.

12×12 సంచి అంచుదాకా నింపితే 22 లీటర్లు పడుతుంది. నీళ్లు పొర్లిపోకుండా పైన రెండు అంగుళాలు వదిలేస్తే 18 లీటర్ల పైచిలుకు. ఐదింటికీ కలిపి 90 లీటర్లకు పైనే మిశ్రమం కావాలి. ఇటుక మీద 25 లీటర్ల నీళ్లు పోస్తే అది పొంగి 65 నుంచి 70 లీటర్లవుతుంది. ఐదు కిలోల వర్మీకంపోస్టు కొలిస్తే ఎనిమిది, తొమ్మిది లీటర్లే. రెండూ కలిపినా 80 లీటర్లు దాటవు, నీళ్లు పడ్డాక ఇంకాస్త అణుగుతాయి. సంచులు నిండకపోవడం చిన్న సంగతే. అసలు ఇబ్బంది ఏమిటంటే, ఆ మిశ్రమంలో తొమ్మిది వంతుల్లో ఎనిమిది వంతులు కొబ్బరి పొట్టే. పొట్టు నీటిని పట్టి ఉంచుతుంది, వేళ్లకు గాలి ఆడనిస్తుంది కానీ మొక్కకు తిండి పెట్టదు. అందులో నత్రజని దాదాపు ఉండదు. అందుకే కిట్‌లో చెప్పినట్టే వేసిన టమాట నారు రెండు వారాలు కళకళలాడి, ఆ తర్వాత కింది ఆకులు పసుపు రంగుకు తిరిగి ఎదగడం మానేస్తుంది. కొన్నవాళ్లు విత్తనం మంచిది కాదనుకుంటారు. తప్పు విత్తనానిది కాదు, పాళ్లది.

సరైన పాళ్లు ఇవి: ఎర్రమట్టి 4 వంతులు, వర్మీకంపోస్టు లేదా బాగా చివికిన పశువుల ఎరువు 3 వంతులు, కోకోపీట్ 3 వంతులు. ఐదు సంచులకు మట్టి 36 లీటర్లు, ఎరువు 27, పొట్టు 27. అంటే ఇటుకలో సగం కూడా అక్కర్లేదు, వర్మీకంపోస్టు మాత్రం ఇంకో 11, 12 కిలోలు కొనాలి. వేపపిండి సంచికి 100 గ్రాములు చాలు. కిలో ఇచ్చారు కదా అని మొత్తం కుమ్మరించకండి. అన్నీ కలిపి, తేమగా ఉంచి, పది పదిహేను రోజులు నీడన మాగనిచ్చాకే నారు నాటాలి. పచ్చి వేపపిండి వేసిన వెంటనే విత్తితే మొలకలు దెబ్బతింటాయి.

సంచుల దగ్గరే ఈ కిట్‌లకు అసలు పరీక్ష. పెట్టె మీద "హెచ్‌డీపీఈ, యూవీ ట్రీటెడ్, 220 జీఎస్ఎం" అని ఉంటుంది. అంటే ఎండను తట్టుకునేలా చేసిన గట్టి ప్లాస్టిక్ గుడ్డ, చదరపు మీటరుకు 220 గ్రాముల బరువుది అని. నమ్మొచ్చో లేదో వంటింటి త్రాసు చెప్పేస్తుంది. 12×12 సంచికి పట్టే గుడ్డ, అడుగు కలుపుకుని, చదరపు మీటరులో మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ. 220 జీఎస్ఎం నిజమైతే ఖాళీ సంచి 80 గ్రాములకు తగ్గకూడదు. పట్టీలు, కుట్లు కలిస్తే ఇంకా ఎక్కువే తూగాలి. 45, 50 గ్రాములు చూపిస్తే అది 120, 130 జీఎస్ఎం సరుకు, ఒక్క రోహిణి కార్తె ఎండకే పొడిపొడిగా రాలుతుంది. తర్వాత సంచిని ఎండకెదురుగా పట్టి లోపలి నుంచి చూడండి. అల్లిక మధ్య సూది బెజ్జాల్లా వెలుగు కనిపిస్తే పైపూత పలచన. చివరగా కుట్టు చూడండి. గుడ్డ కంటే ముందు తెగేది దారమే. అడుగు అంచు చుట్టూ రెండు వరసల కుట్టు ఉండాలి, గోటితో లాగితే దారం జారకూడదు. పట్టీలు ఖాళీ సంచి మోయడానికే. తడి మట్టితో 18, 20 కిలోలున్న సంచిని పట్టీ పట్టుకుని లేపితే కుట్టు విడిపోతుంది. అడుగున చేతులు పెట్టి ఎత్తాలి.

అడుగున కంకర పరిస్తే నీళ్లు బాగా దిగుతాయని కిట్ కాగితంలో రాస్తారు. అది పనికిరాని సలహా. కంకర పొర వేస్తే నీళ్లు దాని పైనున్న మట్టిలోనే నిలుస్తాయి, తడి మట్టి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. బెజ్జాల మీద కొబ్బరి పీచు చిన్న ముద్దగా పెడితే చాలు, మట్టి జారదు, నీళ్లు పోతాయి. సంచిని నేరుగా స్లాబు మీద కాకుండా నాలుగు ఇటుకల మీద పెట్టండి. బెజ్జాలూ మూసుకుపోవు, స్లాబూ ఆరుతుంది.

కోకోపీట్ ఇటుకలో చూడాల్సింది ఉప్పు. సముద్ర తీరంలో కొబ్బరి పీచును ఉప్పునీటిలో నానబెట్టి తీసినప్పుడు పొట్టులో సోడియం, పొటాషియం నిలిచిపోతాయి. సరిగా కడగని పొట్టు మొక్కకు వేసిన కాల్షియాన్ని తాను పట్టేసుకుని, బదులుగా సోడియం వదులుతుంది. ఆ తర్వాత టమాట కాయ అడుగున నల్లటి, అణిగిన మచ్చ పడుతుంది. దాన్ని తెగులనుకుని మందు కొట్టినా పోదు. దీన్ని ఆపాలని చాలామంది గుడ్డు పెంకుల పొడి వేస్తారు. పెంకు కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకు అందదు.

ఇంట్లో ఆర్వో ఫిల్టర్ ఉన్నవాళ్ల దగ్గర టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) ఉండొచ్చు. తడిపిన పొట్టు ఒక కప్పు, ఆర్వో నీళ్లు ఐదు కప్పులు కలిపి, అరగంట ఆగి, వడకట్టి కొలవండి. ఉత్త ఆర్వో నీళ్ల రీడింగ్ ముందే విడిగా చూసుకుని, వచ్చిన అంకెలోంచి దాన్ని తీసేయండి. 250 లోపుంటే అది "లో ఈసీ", అంటే ఉప్పు తక్కువున్న సరుకే. 700 దాటితే కడగకుండా వాడకూడదు. కడగడమంటే రెండు మూడుసార్లు నీళ్లు పోసి పిండేయడం. అంతకంటే మంచి పద్ధతి: 25 లీటర్ల నీళ్లలో 100 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి ఇటుకను ఒక రాత్రి నానబెట్టి, పొద్దున పిండి, మామూలు నీళ్లతో ఒకసారి కడగాలి. కాల్షియం నైట్రేట్ ఎరువుల దుకాణంలో దొరుకుతుంది. ఈ మాట కిట్ కాగితంలో రాస్తే ఎంతోమంది టమాటలు బతికేవి.

పొట్టుతో ఇంకో చిక్కు నీళ్ల దగ్గర. పైన గంటలో ఎండిపోయి లేత గోధుమ రంగుకు తిరుగుతుంది. లోపల రెండంగుళాల కింద మాత్రం పిండితే నీళ్లు కారేంత తడి ఉంటుంది. పైరంగు చూసి రోజూ చెంబులు చెంబులు పోస్తే వేళ్లు కుళ్లుతాయి, మట్టి మీద చిన్న నల్ల ఈగలు లేస్తాయి. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, తడి తగలకపోతేనే పోయాలి. దీనికి ఏ పరికరమూ కొనక్కర్లేదు.

విత్తనాలు ఈ కిట్‌లో అన్నిటికంటే బలహీనం. పది ప్యాకెట్లలో క్యారెట్, కాలీఫ్లవర్, లెట్యూస్, బీర, సొర అన్నీ కలిపి పెడతారు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు క్యారెట్, కాలీఫ్లవర్ కుదరవు, వాటి కాలం సెప్టెంబరు తర్వాత. బీర, సొర తీగలకు 12×12 సంచి చాలదు, 24×12 కావాలి. వేసవిలో మొదలుపెట్టేవాళ్లు తోటకూర, గోంగూర, బచ్చలి, బెండ వేసుకుంటే మేలు. రెండు వారాల్లోనే ఏదైనా కోసుకోవాలనుకుంటే మెంతి, ఆవాల మైక్రోగ్రీన్లు (లేత మొలకగానే కోసుకునే ఆకులు) ఒక్కటే దారి, వారం పది రోజుల్లో వస్తాయి. అవి కిట్‌ విత్తనాలతో మాత్రం వద్దు. గులాబీ, నీలం రంగు పూసిన విత్తనాలకు శిలీంధ్రనాశిని పట్టించి ఉంటుంది. వంటింటి మెంతులే వాడండి. ప్యాకెట్ మీద పరీక్ష తేదీ, గడువు లేకపోతే పక్కన పెట్టేయండి. ఉన్నా సరే, పది గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. టమాట పదింట ఏడు మొలవాలి.

తవ్వుగోల పర్వాలేదు. స్ప్రే సీసా మొలకలకు నీళ్లు చల్లడానికి సరిపోతుంది. పిండినల్లి మీద వేపనూనె కొట్టాలంటే దాని ముక్కు మూసుకుపోతుంది, ప్రెజర్ స్ప్రేయరు తీసుకోవాలి. వేపనూనె 5 మిల్లీలీటర్లలో ముందు కొంచెం లిక్విడ్ సబ్బు కలిపి, ఆ తర్వాతే లీటరు నీళ్లు పోయండి. సబ్బు లేకపోతే నూనె పైకి తేలిపోయి ఆకులు మాడతాయి. కొట్టేది సాయంత్రమే.

సంచులకు బదులు ఇంట్లో పడి ఉన్న 20 లీటర్ల పెయింటు బకెట్లు వాడుకోవచ్చు. అవి 12×12 సంచికి దాదాపు సమానం, పైగా ఏళ్లు మన్నుతాయి. ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ పెయింటు) బకెట్లే తీసుకోండి, ఆయిల్ పెయింటువి, థిన్నరువి వద్దు. ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో అడుగున ఐదారు బెజ్జాలు, పక్కన అడుగు నుంచి అంగుళం ఎత్తులో ఇంకో రెండు పెట్టాలి. బయట తెల్లటి పెయింటు వేస్తే మే ఎండకు వేళ్లు ఉడకవు. పిల్లలతో బొమ్మలు వేయించడానికి కూడా ఆ తెలుపు బాగుంటుంది.

పెట్టె మీద ఎవరూ రాయని సంగతి బరువు. మనుషులు తిరిగే డాబాకు ఐఎస్ 875 (భవనాల మీద పడే భారాల భారతీయ ప్రమాణం) లెక్కలో తీసుకునే భారం చదరపు మీటరుకు 150 కిలోలు. తడిసిన సంచులు పక్కపక్కనే పేరిస్తే చదరపు మీటరుకు పది పడతాయి, అంటే 190 కిలోల దాకా. కాబట్టి చదరపు మీటరుకు ఐదారు మించకుండా, గోడల వెంట, దూలాల మీదుగా సర్దండి. పాత ఇల్లయితే, స్లాబులో చెమ్మ మరకలుంటే, ఇంజనీరుకు చూపించే వరకు కిట్ విప్పొద్దు.