డాబా మీద ఆరు సోలార్ ప్యానెళ్లు: రెండేళ్లు వాడాక

మా ఇల్లు ఊరి చివర. ఆఫీసుకు ఒక వైపే 28 కిలోమీటర్లు. డాబా మీద ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే వీధి కరెంటు లైనుకు కలిపి నడిచేది, పెట్టించి రెండేళ్లు దాటింది. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, వాటన్నిటి కరెంటునూ ఇంట్లో వాడుకునేలా మార్చే ఒక స్ట్రింగ్ ఇన్వర్టర్, లైన్లోకి మనం పంపిందీ తీసుకున్నదీ లెక్కకట్టే నెట్ మీటరు. బ్యాటరీ లేదు.

బిగించిన వారానికే మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. మనకేం టెన్షన్ అని ధీమాగా కూర్చున్నా. పైన ఎండ దంచేస్తోంది, కింద ఫ్యాను ఆగిపోయింది. మా ఆవిడ నోరు తెరవలేదు, ప్యానెళ్ల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసిందంతే. విషయం ఏంటంటే, లైన్లో కరెంటు పోగానే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ కూడా తనంతట తను ఆగిపోవాలి. లేకపోతే మన డాబా మీది కరెంటు తీగల్లోకి వెళ్లి, రిపేరు చేసే మనిషి ప్రాణం తీస్తుంది. న్యాయమైన కారణమే. కానీ అమ్మినాయన ఈ ముక్క ముందే చెప్పి ఉండాల్సింది. కరెంటు పోయినా ఇంట్లో లైట్లు వెలగాలంటే బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరే తీసుకోండి.

రెండో తప్పు నాదే. పక్కింటి చెట్టు నీడ సాయంత్రం నాలుగింటికి ఒక ప్యానెల్ మీద పడుతుంది. ఒక్కటే కదా అనుకున్నాను. ఆరూ వరసగా ఒకే తీగకు కలిపి ఉంటాయి కాబట్టి, ఒకదాని మీద పడ్డ నీడ మిగతావాటినీ కిందికి లాగుతుంది. ప్యానెల్ లోపల ఉండే బైపాస్ డయోడ్లు (నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటుకు పక్కదారి ఇచ్చేవి) నష్టాన్ని కొంత తగ్గిస్తాయి, పూర్తిగా ఆపలేవు. కొలతలకు వచ్చినవాళ్లు పొద్దున పదింటికి వచ్చి చూసి వెళ్లారు. మీరు మాత్రం సాయంత్రం కూడా ఒకసారి డాబా ఎక్కండి.

ఇక దిగుబడి. మంచి రోజున 12, 13 యూనిట్లు వస్తున్నాయి, ముసురు పట్టిన రోజు మూడు దాటవు. నన్ను ఆశ్చర్యపరిచింది ఏంటంటే, నిప్పులు చెరిగే రోజుల్లో రికార్డు రాదు. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఆపైన ఒక్కో డిగ్రీకి దాదాపు 0.35 శాతం తగ్గుతుంది. ఎండకు ప్యానెల్ 65 డిగ్రీలకు చేరిందంటే 14 శాతం పోయినట్టే. చల్లగాలి వీస్తూ, ఆకాశం తేటగా ఉన్న రోజే మాది ఎక్కువ ఇచ్చింది. అందుకే డాబాకు అతికించినట్టు కాకుండా, కింద గాలి ఆడేలా స్టాండు ఎత్తు పెట్టించుకోండి. దుమ్ము సంగతి చెప్పేదేముంది, తెల్లవారుజామున నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

మా ఇంటి వాడకం రోజుకు పది యూనిట్లు. లెక్క సరిపోయిందని మురిసిపోయాను. ఒక ఆదివారం ఊరికే కారు లెక్క వేశాను. రానూపోనూ 56 కిలోమీటర్లకు మూడున్నర లీటర్ల పెట్రోలు. లీటరులో ఉండే శక్తి సుమారు 9 యూనిట్లు. అంటే ఇల్లంతా వాడేదానికి మూడింతలు రోడ్డు మీదే తగలబెడుతున్నాను! ఊరి చివర ఇంటికి అసలు ఖర్చు ఇంట్లో కాదు, దూరంలో ఉంది. అదే దూరానికి ఎలక్ట్రిక్ కారైతే తొమ్మిది యూనిట్ల దగ్గర సరిపోతుంది. కానీ ఎండ ఉన్నంతసేపూ కారు ఆఫీసు దగ్గరే ఉంటుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ప్యానెళ్లు పడుకుంటాయి. పగటి మిగులును నెట్ మీటరు జమ కట్టుకుంటోంది కాబట్టి ఇప్పటికి గడిచిపోతోంది. ఆ సదుపాయం లేని చోట మాత్రం ముందు గీజర్, వాషింగ్ మెషిన్, మోటారు మధ్యాహ్నానికి మార్చుకుని, ఆ తర్వాతే బ్యాటరీ గురించి ఆలోచించండి.

సరుకుకు ఐదుకి నాలుగు, బిగించినవాళ్లకు రెండున్నర. వచ్చే నెల నుంచి వారానికి రెండు రోజులు ఇంటి నుంచే పని చేస్తానని ఆఫీసులో అడిగాను.