ట్రైసిటీలో ఇంటికొచ్చి రక్తం తీసే సేవ: ఇమ్యూనిటీ తక్కువ ఉన్నవాళ్ల కోసం ఒక సమీక్ష

హనుమకొండ, వరంగల్, కాజీపేటలో ఇప్పుడు గల్లీలోని చిన్న ల్యాబ్ నుంచి కార్పొరేట్ ల్యాబ్ దాకా ఇంటికి మనిషిని పంపిస్తున్నాయి. ఫోన్ చేస్తే పొద్దున్నే వచ్చి రక్తం తీసుకుపోతారు, రిపోర్టు వాట్సాప్‌లో వస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇది సౌకర్యం. కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు, కీమో నడుస్తున్నవాళ్లకు, లూపస్‌కో కీళ్లవాతానికో ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లకు మాత్రం 2022 జనవరిలో, కోవిడ్ మూడో వేవ్ మధ్యలో, ఇది తప్పనిసరి అవసరమైంది. ఆ జనవరి 10 నుంచి ఇచ్చిన ప్రికాషన్ డోసు (మూడో టీకా) మొదట ఆరోగ్య సిబ్బందికి, ఫ్రంట్‌లైన్ వాళ్లకు, 60 దాటి వేరే జబ్బులున్నవాళ్లకే. నలభై ఏళ్ల కిడ్నీ మార్పిడి రోగికి అప్పుడు అది అందలేదు, పైగా అతనికి మొదటి రెండు డోసులూ మిగతావాళ్లకు పనిచేసినంతగా పనిచేయవు. అతని రక్త పరీక్షలు మాత్రం వాయిదా వేసేవి కావు.

నా అభిప్రాయం ముందే చెప్తాను: ఈ సేవ వాడుకోదగ్గదే, విజిట్ ఛార్జీ పెట్టినా నష్టం లేదు. కానీ మాస్కు, శానిటైజర్ చూసుకుంటే సరిపోదు. తీసిన శాంపిల్ పాడైతే ల్యాబ్ నుంచి "సార్, మళ్లీ ఇవ్వాలి" అని ఫోన్ వస్తుంది. మళ్లీ ఒక మనిషి ఇంట్లోకి రావాలి, మళ్లీ సూది గుచ్చాలి. అంతకంటే చెడ్డది, తప్పు రిపోర్టు చూసి ఎమర్జెన్సీకి పరుగెత్తడం. వేవ్ నడుస్తున్నప్పుడు ఇలాంటి రోగి అడుగు పెట్టకూడని చోటు అదే. కాబట్టి ల్యాబ్‌ను ఎంచుకునేటప్పుడు శుభ్రతనూ శాంపిల్ తీసే పద్ధతినీ రెండింటినీ ఒకే కంటితో చూడాలి.

ల్యాబ్‌కే ఎందుకు పోకూడదంటే, వేవ్ నడిచే వారాల్లో కోవిడ్ తీవ్రత చూసే సీఆర్‌పీ, డీ-డైమర్, ఫెరిటిన్ పరీక్షలకు వచ్చేది కోవిడ్ రోగులే. వాళ్లు కూర్చునేది అదే వెయిటింగ్ గదిలో, అదే ఏసీ కింద. రక్తం తీసే కుర్చీ కూడా ఒక్కటే. వరంగల్‌లోని ప్రభుత్వ పెద్దాస్పత్రి ఎంజీఎం సంగతి చెప్పనక్కర్లేదు, వేవ్‌లో చుట్టుపక్కల జిల్లాల కోవిడ్ కేసులు ఎక్కువగా చేరేది అక్కడికే. మామూలు పరీక్షల కోసం అక్కడ ఓపీ లైన్‌లో నిలబడకుండా ఉండగలిగితే ఉండండి.

ఇంటికొచ్చే టెక్నీషియన్ విషయంలోనూ ఇదే లెక్క. హోం ఐసోలేషన్‌లో ఉన్నవాళ్ల రక్తం తీసేదీ అతనే. బుకింగ్ అప్పుడే రోగి పరిస్థితి చెప్పి మొదటి స్లాట్ అడగండి: "తమ్మీ, మా దగ్గరికి వచ్చాకే కోవిడ్ ఇళ్లకు పొమ్మను" అని. మంచి ల్యాబ్ ఈ మాట రాసుకుంటుంది. కోవిడ్ ఇళ్లకు వేరే మనిషినే పంపే ల్యాబ్ దొరికితే ఇంకా మేలు. "అట్ల కుదరదు మేడం, రూటు ప్రకారమే వస్తరు" అంటే ఇంకో ల్యాబ్ చూసుకోండి. టెక్నీషియన్‌కు ప్రికాషన్ డోసు పడిందా అని కూడా అడగండి, ఆరోగ్య సిబ్బందిగా అతను 2022లోనే అర్హుడు.

మొదటి స్లాట్‌తో ఒక చిక్కుంది. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా వేసుకునే టాక్రోలిమస్ మందు రక్తంలో ఎంత ఉందో చూడాలంటే రాత్రి మాత్ర వేసుకున్న సరిగ్గా 12 గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం తీయాలి. రాత్రి 9కి మాత్ర వేసుకునే మనిషి దగ్గర పొద్దున 6కే తీస్తే స్థాయి ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది, దాన్ని చూసి డోసు తగ్గిస్తే కొత్త కిడ్నీకే ముప్పు. దీనికి మందు మార్పు పనికిరాదు, మందు వేళ మార్పే దారి. పరీక్షకు చాలా రోజుల ముందే నెఫ్రాలజిస్టును (కిడ్నీ డాక్టర్‌ను) అడిగి మాత్రలను 7కి, 7కి జరుపుకుంటే పొద్దున 7 స్లాట్ సరిపోతుంది. రాత్రి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో, రక్తం ఎన్నింటికి తీశారో రెండూ ఫారం మీద రాయించండి. ఇక్కడి ల్యాబ్‌లు చాలావరకు ఈ శాంపిల్‌ను హైదరాబాద్‌కు పంపుతాయి కాబట్టి రిపోర్టు ఎప్పుడొస్తుందో ముందే తేల్చుకోవాలి. మిగతా పరగడుపు పరీక్షలకు 8 నుంచి 12 గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు, తాగాలి కూడా. నీళ్లు తాగకపోతే నరం దొరకదు, రెండోసారి గుచ్చాల్సి వస్తుంది. బయోటిన్ (జుట్టు కోసం వాడే విటమిన్) మాత్రలు వాడుతుంటే థైరాయిడ్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి.

కూర్చోబెట్టే చోటు ఇంట్లో హాలు కాదు, వరండా. వరండా లేకపోతే కిటికీ పక్కన, చేతులున్న కుర్చీలో. గాలి రోగి వైపు నుంచి బయటికి పోయేలా ఫ్యాన్ పెట్టండి. రోగి, టెక్నీషియన్ తప్ప మూడో మనిషి అక్కడ ఉండొద్దు. రోగి ఎన్‌95 తీయకూడదు. టెక్నీషియన్ సర్జికల్ మాస్కుతో వస్తే కొత్త ఎన్‌95 మీరే ఇచ్చి పెట్టుకోమనండి, ఆ ఖర్చుకు వెనకాడొద్దు. వాల్వ్ ఉన్న మాస్కు వద్దు, అది లోపలికి పోయే గాలినే వడకడుతుంది, బయటికి వదిలే ఊపిరిని వదిలేస్తుంది. బిల్లు ముందే ఫోన్‌పే చేసేస్తే చిల్లర కోసం నిలబడే పని తప్పుతుంది. ఇవన్నీ పాటిస్తే మనిషి ఇంట్లో ఉండేది పది నిమిషాలే.

గ్లోవ్స్ దగ్గరే ఎక్కువ మంది దొరికిపోతున్నారు. బండి దిగేటప్పటికే గ్లోవ్స్ వేసుకుని ఉండటం, వాటి మీదే శానిటైజర్ రాసుకుని పని మొదలుపెట్టడం చాలాచోట్ల కనిపిస్తోంది. అది కుదరదని చెప్పండి. ఆ గ్లోవ్స్ బండి హ్యాండిల్‌నూ గేటునూ ఫోన్‌నూ ముట్టుకున్నవి. పాతవి తీసి, చేతులకు 20 నుంచి 30 సెకన్లు శానిటైజర్ రుద్ది, మీ ముందే కొత్తవి వేసుకోవాలి. సూది ప్యాకెట్ కూడా మీ ముందే చింపాలి. స్పిరిట్ దూదితో తుడిచాక 30 సెకన్లు ఆరనివ్వాలి. ఆరకముందే గుచ్చితే మంట పుడుతుంది, స్పిరిట్ కలిసి రక్తకణాలు కూడా పగిలే అవకాశం ఉంది.

ఇక అసలు విషయం, పరీక్షను బట్టి మూత రంగు మారే ట్యూబులు. మూడు సేవలను పోల్చి చూస్తే తేడా అంతా ఇక్కడే తేలింది. ఒక కార్పొరేట్ ల్యాబ్ టెక్నీషియన్ వరస తప్పకుండా తీశాడు. ఒక లోకల్ ల్యాబ్ వాళ్లు సిరంజితో లాగి, సూదితోనే ట్యూబు మూతల్లోకి వత్తి పోశారు. ఒక ఆస్పత్రి ల్యాబ్ బాగా తీసింది కానీ ట్యూబులను ఐస్ ప్యాక్‌కు ఆనించి పెట్టింది. వరస ఇలా ఉండాలి: మొదట నీలం మూత, తర్వాత ఎరుపు లేదా పసుపు, ఆ తర్వాత ఊదా, చివర బూడిద రంగు. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసేది పొటాషియం ఉప్పు. దాంట్లోది ఒక్క చుక్క పసుపు ట్యూబులో పడినా పొటాషియం ఎక్కువ, కాల్షియం తక్కువ చూపిస్తుంది.

కిడ్నీ రోగి ఇంట్లో అందరి గుండె ఆగేది ఈ పొటాషియం దగ్గరే. 5 దాటకూడనిది 6 అని రిపోర్టు వస్తే ఆ రాత్రే ఆస్పత్రికి పోవాల్సి వస్తుంది. నిజంగా పెరిగితే పోవాల్సిందే. కానీ చాలాసార్లు అది శాంపిల్ తప్పు. పిడికిలి పదేపదే బిగించి వదలమనడం, రబ్బరు పట్టీని నిమిషం దాటి బిగించి ఉంచడం, సన్న సూదితో గట్టిగా లాగడం, సిరంజి నుంచి ఒత్తిడితో పోయడం, వీటిల్లో ఏది చేసినా కణాల్లోని పొటాషియం బయటికొస్తుంది. తీశాక సీరం (గడ్డకట్టిన రక్తం మీద తేలే పసుపు నీరు) వేరుచేయకుండా గంటల తరబడి బ్యాగులో తిప్పినా, ఐస్‌కు ఆనించినా అంతే. శాంపిల్ అరగంట నిలబెట్టి గడ్డకట్టనిచ్చి, ఆలస్యం చేయకుండా సెంట్రిఫ్యూజ్ (యంత్రంలో గిర్రున తిప్పడం) చేయాలి. అందుకే బుకింగ్‌లో అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న: "మా ఇంటి నుంచి శాంపిల్ ల్యాబ్‌కు ఎన్ని గంటల్లో చేరుతుంది?" రెండు గంటల్లోపు అనే ల్యాబ్‌ను పట్టుకోండి. కాజీపేటలో తీసి, ఇంకో పది ఇళ్లు తిరిగి, మధ్యాహ్నం వరంగల్ చేర్చే ల్యాబ్‌కు కిడ్నీ పరీక్షలు ఇవ్వొద్దు. ఎండాకాలంలో బండి మీద బ్యాగు వేడెక్కితే ఇంకా పాడు. కూల్ బాక్స్ ఉండాలి, ట్యూబుకు, ఐస్ ప్యాక్‌కు మధ్య గుడ్డో స్పాంజో అడ్డం ఉండాలి.

గుండె వాల్వు మార్చుకుని రక్తం పలుచబరిచే వార్ఫరిన్ గానీ అసిట్రోమ్ గానీ వాడేవాళ్లకు నీలం ట్యూబే ప్రాణం. అందులో రక్తం గడ్డకట్టకుండా వేసే మందు ఒక వంతు, రక్తం తొమ్మిది వంతులు. గీత దాకా నిండకపోతే ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలుచబడిందో చెప్పే లెక్క) ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది, దాన్ని నమ్మి మాత్ర తగ్గిస్తే వాల్వు మీద గడ్డ కట్టే ప్రమాదం. బటర్‌ఫ్లై సూది వాడితే దాని గొట్టంలోని గాలి నీలం ట్యూబులోకి పోయి రక్తం తగ్గుతుంది, కాబట్టి ముందు ఒక ట్యూబులో కొంచెం తీసి పారేయాలి. ఈ సంగతి తెలిసిన టెక్నీషియన్ దొరికితే పేరు రాసిపెట్టుకుని ప్రతిసారీ అతన్నే పంపమనండి.

కీమో వాళ్లకు ఊదా ట్యూబు. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు చూసే కదా తర్వాతి సైకిల్ ఇవ్వాలా వద్దా అని తేల్చేది. రక్తం పడగానే ట్యూబును 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చేయాలి, కుదపకూడదు. అది చేయకపోతే సన్న గడ్డలు కట్టి ప్లేట్‌లెట్లు లేనట్టు కనిపిస్తాయి. ప్లేట్‌లెట్లు ఉన్నట్టుండి పడిపోయినట్టు రిపోర్టు వస్తే మైక్రోస్కోప్ కింద స్లైడు కూడా చూశారా అని ల్యాబ్‌ను అడగండి. పోర్టు, పిక్ లైన్ (మందు ఎక్కించడానికి ఛాతీలోనో చేతిలోనో అమర్చినవి) ఉన్నవాళ్లు వాటిని ఇంటికొచ్చిన మనిషితో ముట్టించొద్దు, చేతి నరం నుంచే తీయమనండి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు తీసిన వైపు చేయి ఇవ్వొద్దు. ఇంకొకటి: కీమో మధ్యలో జ్వరం 100.4 ఫారన్‌హీట్ చేరితే అది ఇంట్లో రక్తం తీయించుకుని రిపోర్టు కోసం ఆగే పని కాదు, వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేసి ఆస్పత్రికి పోవాలి.

డయాలసిస్ వాళ్లకు ఈ సేవ అసలు అక్కర్లేదు. వారానికి రెండు మూడుసార్లు సెంటర్‌లో సూది పెడతారు కదా, హెపారిన్, సెలైన్ ఎక్కించకముందే ఆ సూది నుంచే శాంపిల్ తీయమనండి. ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్న చేతిని మాత్రం ఇంట్లో గానీ ల్యాబ్‌లో గానీ ఎవరికీ ఇవ్వకండి, పట్టీ కూడా కట్టనివ్వొద్దు.

పేరు, వయసు, టైము ఉన్న స్టిక్కర్ మీ కళ్ల ముందే ట్యూబుకు అంటించాలి, పేరు రాయని ట్యూబులు జేబులో వేసుకుని పోయి ల్యాబ్‌లో రాస్తానంటే ఒప్పుకోవద్దు. సూది టెక్నీషియన్ తెచ్చుకున్న గట్టి తెల్ల డబ్బాలోకే పోవాలి, మీ చెత్తబుట్టలోకి కాదు. దూది వేసి 3 నుంచి 5 నిమిషాలు నొక్కండి, రక్తం పలుచబరిచే మందులుంటే 10 నిమిషాలు. మోచేయి మడిచి పెట్టుకుంటే కమిలిపోతుంది.

ఖర్చు, బెడద రెండూ తగ్గాలంటే నెఫ్రాలజిస్టు రాసినవీ షుగర్ డాక్టర్ రాసినవీ కలిపి ఒకేరోజు తీయించండి. అన్నీ కలిపినా పది పదిహేను మిల్లీలీటర్లే. డాక్టర్ ఇంకొకటి అడిగితే అదే రోజు ల్యాబ్‌కు ఫోన్ చేయండి. మిగిలిన సీరంతో చాలా పరీక్షలు చేయగలరు. ల్యాబ్ నాణ్యతకు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ గుర్తు చూసేటప్పుడు గుమ్మం మీది బోర్డు చూస్తే చాలదు, ఆ గుర్తింపు పరీక్ష పరీక్షకూ విడివిడిగా ఉంటుంది. మీ పరీక్ష అందులో ఉందా అని అడగాలి.

ములుగు, మహబూబాబాద్, జనగామ వైపు ఊళ్లవాళ్లకు ఇంటికొచ్చే ల్యాబ్ దొరకడం కష్టమే. వాళ్లకు 2021 జూన్‌లో ప్రభుత్వం మొదలుపెట్టిన జిల్లా డయాగ్నస్టిక్ హబ్‌లు మంచి ఆసరా. మొదలైనప్పుడు 57 రకాల పరీక్షలు ఉచితం, పీహెచ్‌సీలోనే రక్తం తీసి బండిలో హబ్‌కు పంపిస్తారు. మీ పరీక్ష ఆ జాబితాలో ఉందా, బండి ఎన్ని గంటలకు వస్తుంది అని ముందే కనుక్కుని, బండి రావడానికి కాసేపటి ముందే రక్తం ఇవ్వండి. లోపల కూర్చోకుండా చెట్టు కింద ఆగి, పేరు పిలిచాక పోతే చాలు.

2022లో మేడారం జాతర ఫిబ్రవరి 16 నుంచి 19 దాకా జరిగింది. జాతర వారంలో హనుమకొండలో బస్సులు, బండ్లు కిక్కిరిసి ఉంటాయి, ములుగు రోడ్డు మీద శాంపిల్ బండి ఇరుక్కుంటే రెండు గంటల లెక్క తప్పుతుంది, ల్యాబ్ కుర్రాళ్లు కూడా సగం మంది జాతరకు పోతారు. నెలవారీ పరీక్ష ఆ వారంలో పడేవాళ్లు డాక్టర్‌ను అడిగి జాతరకు ముందే స్లాట్ తీసుకోండి.