ప్రిటియర్ సెట్టింగులు: ప్రతి ప్రాజెక్టులో కాపీయా, అందరికీ ఒకే ప్యాకేజీయా?

రాయగడలో మాది చిన్న టీము, ఒకతను మాత్రం బరంపురం నుంచి పనిచేస్తాడు. స్కూళ్లకీ కొట్లకీ ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడింట్లోనూ సైట్లు చేస్తాం. అంటే ప్రాజెక్టులు చిన్నవే, సంఖ్య మాత్రం ఎక్కువ. కోడ్ సర్దడానికి అన్నిట్లో ప్రిటియరే, దాని సెట్టింగుల ఫైలు ఎక్కడుండాలన్నదే పేచీ.

కాపీ పేస్ట్ సుఖమే. ఐదు లైన్ల ఫైలు, పడేసి మర్చిపోవచ్చు. రెండు మూడు ప్రాజెక్టులుంటే నేనూ అదే చెయ్యమంటాను. చిక్కల్లా మార్చేటప్పుడే: బరంపురం అతను లైను పొడవు 80 నుంచి 100 చేసుకుంటాడు, మిగతావి అలాగే ఉంటాయి, ఆర్నెల్లకి ఏది అసలు ఫైలో ఎవరికీ తెలీదు.

పై ఫోల్డర్లో ఒక్కటి పెడితే పోలా అంటారు కొందరు. ప్రిటియర్ పైపై ఫోల్డర్లు వెతుక్కుంటూ పోతుంది కాబట్టి మీ లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడుస్తుంది. ఆ ఫైలు రిపో (గిట్ అనే టూలు ప్రాజెక్టు కోడ్ని, దాని మార్పుల్ని దాచే ఫోల్డరు) బయట ఉంది కదా, పక్కవాళ్లకి చేరదు. వద్దు.

నా ఓటు ప్యాకేజీకి, అంటే అన్ని ప్రాజెక్టులూ ఇన్‌స్టాల్ చేసుకునే ఒకే మూటకి. సెట్టింగుల్ని ఒక రిపోలో పెట్టి, ప్రతి ప్రాజెక్టులో వాడే ప్యాకేజీల జాబితా ఉండే ప్యాకేజ్ డాట్ జేసన్‌లో ప్రిటియర్ అనే కీకి ఆ ప్యాకేజీ పేరు ఇస్తే చాలు. ఎన్‌పీఎంలో (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు పంచుకునే చోటు) ప్రైవేటుగా పెట్టాలంటే డబ్బు కట్టాలి (మా స్థాయికి ఎందుకు చెప్పండి), గిట్‌హబ్ నుంచి ట్యాగు (ఒక వెర్షన్‌కి పెట్టిన పేరు) పట్టుకుని నేరుగా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. ఒక ప్రాజెక్టుకి ఏదైనా ఒక్క సెట్టింగు వేరేగా కావాలంటే మాత్రం పేరు ఇస్తే సరిపోదు, జావాస్క్రిప్ట్ కాన్ఫిగ్ ఫైలు పెట్టి, ప్యాకేజీని ఇంపోర్ట్ చేసి, మూడు చుక్కలతో స్ప్రెడ్ చేసి (అంటే దాని సెట్టింగులన్నీ ఇక్కడ పరిచి), దాని కింద మీది రాసుకోవాలి.

సెట్టింగులు ఒకటైనా ప్రిటియర్ వెర్షన్లు వేరైతే టెన్షన్ తప్పదు. 2023లో వచ్చిన 3.0లో చివరి కామా డిఫాల్ట్ (మనం ఏమీ చెప్పకపోతే అది పాటించే పద్ధతి) మారింది. మీ ఫైల్లో ఆ సెట్టింగు రాయకపోతే, విడివిడి లైన్లలో ఉన్న ఆర్గ్యుమెంట్ల చివర 3 ఉన్నవాళ్లకి కామా చేరుతుంది, 2 ఉన్నవాళ్లకి పోతుంది, రివ్యూ నిండా అవే మార్పులు. వెర్షన్‌ని ఖచ్చితంగా ఒక్క నంబరుకి కట్టెయ్యండి.

విండోస్ వాళ్లకి ఇంకోటి. 2.0 నుంచి ప్రిటియర్ లైను చివర ఎల్ఎఫ్ (లైను ముగిసిందని చెప్పే ఒక గుర్తు) అడుగుతుంది, గిట్ ఏమో సీఆర్ఎల్ఎఫ్ (విండోస్ వాడే రెండు గుర్తుల జత) చేసి ఇవ్వొచ్చు, అప్పుడు ముట్టుకోని ఫైళ్ల మీద కూడా ప్రిటియర్ చెక్ ఫెయిలవుతుంది. దానికి మందు, లైను చివర ఏముండాలో గిట్‌కి చెప్పే గిట్ అట్రిబ్యూట్స్ ఫైలు. అది ప్యాకేజీతో రాదు, ప్రతి రిపోలో కాపీ పేస్టే.