కత్తి పిడిపై స్క్రిమ్‌షా: వేయిస్తే మేలా, నునుపుగా వదిలేస్తే మేలా?

చేతితో చేసిన కత్తి పిడిపై స్క్రిమ్‌షా చిత్రం ఉంటే ధర దానంతటదే పెరుగుతుందన్న నమ్మకం తయారీదారుల్లో బలంగా ఉంది. నా అభిప్రాయంలో అది కొన్ని కత్తులకే వర్తిస్తుంది. మెరుగుపెట్టిన ఉపరితలంపై సన్నని సూదిమొనతో చుక్కలో గీతలో చెక్కి, ఆ గాట్లలోకి సిరా దిగేలా రుద్ది, పైన మిగిలినదాన్ని తుడిచేసే ఈ స్క్రిమ్‌షా కళ 19వ శతాబ్దంలో అమెరికన్ తిమింగల వేట ఓడలపై వర్ధిల్లింది. నావికులు తీరికవేళల్లో తిమింగలం పళ్లపై చెక్కిన బొమ్మలను అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణపు తిమింగల వేట మ్యూజియంలో ఇప్పటికీ చూడవచ్చు. అయితే ఆ పళ్లు చూసి ఆనందించడానికి చేసినవి. పిడి పట్టుకోవడానికి చేసినది. గాట్ల లోతు చాలా తక్కువ కనుక చెమట, జిడ్డు, నిరంతర రాపిడి తగిలేకొద్దీ చిత్రం మసకబారుతుంది. అందువల్ల వేటకో వంటకో రోజూ వాడే కత్తికి నునుపైన పిడే మేలు. సేకరణకర్త అద్దాల పెట్టెలో దాచుకునే కత్తికి మాత్రమే ఈ ఖర్చు తగినది.

అక్కడ కూడా చిత్రం ఎవరు వేశారన్నదే ధరను నిర్ణయిస్తుంది. పేరున్న చిత్రకారుడి సంతకం ఉన్న పనికి సేకరణకర్తలు విడిగా విలువ కడతారు. కత్తులు చేయడంలో ఆరితేరినవారు సూది పట్టడంలోనూ అంతే నేర్పరులు కానక్కరలేదు. వంకరపోయిన జింక బొమ్మ ఒక్కటి చక్కటి అలుగు విలువను కూడా దిగలాగుతుంది, ఎందుకంటే కొనేవారి కన్ను ముందు పడేది దానిమీదే. బొమ్మ ఎంపిక కూడా ముఖ్యమే. ఒకరి పొడి అక్షరాలో కుటుంబసభ్యుడి ముఖమో చెక్కించిన కత్తి ఆ యజమానికి అపురూపమైనా, తిరిగి అమ్మేటప్పుడు కొనేవారు తగ్గిపోతారు.

పిడి పదార్థం విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఏనుగు దంతంపై గీత ఎంతో స్పష్టంగా పడుతుంది, కానీ నైతికంగానూ చట్టపరంగానూ దాన్ని వదిలేయడమే సరైనది: అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్‌లో, అత్యంత కఠిన నిబంధనలుండే మొదటి అనుబంధంలోకి 1989లో ఆఫ్రికా ఏనుగును చేర్చారు, అమెరికా 2016లో దంతపు వ్యాపారాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. ఏనుగును పోలిన, ఏనాడో అంతరించిన మామత్ అనే జంతువు దంతం సైటిస్ జాబితాలో లేకపోయినా కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు దాని అమ్మకాన్ని కూడా నిషేధించాయి, కాబట్టి కొనేవారు ఎక్కడివారో ముందే తెలుసుకోవాలి. ఎముక చవక, కానీ దానిలోని సన్నని రంధ్రాల్లోకి సిరా పాకి అనుకోని నల్లమచ్చలు పడతాయి. ముందుగా రంధ్రాలు పూడ్చి, బాగా మెరుగుపెట్టాకే చెక్కాలి. కాగితపు పొరలను రెసిన్‌తో గట్టిపరచిన దంతపురంగు మైకార్టా తేమకు పగలదు, ఏ దేశానికి పంపినా వన్యప్రాణి చట్టాల చిక్కు ఉండదు. దంతపు మెరుపు దానికి రాదన్నది నిజమే. అయినా కొత్తగా ఈ పని చేయించేవారికి నేను మైకార్టానే సూచిస్తాను.

చిత్రం అరిగిపోతుందన్న భయం ఉన్నవారు పిడికీ అలుగుకూ మధ్యనుండే లోహపు పట్టీపై చెక్కడపు పని చేయించుకోవచ్చు. అది రాపిడిని బాగా తట్టుకుంటుంది. ఎటూ తేల్చుకోలేకపోతే లేత రంగు పిడిని నున్నగా మెరుగుపెట్టి అలాగే అమ్మకానికి పెట్టడం ఉత్తమం. కొన్నవారు కోరితే తరువాతైనా చిత్రం వేయించవచ్చు. వేసినదాన్ని తీసేయాలంటే మాత్రం పిడిని అరగదీయాల్సిందే.