ప్లనేరియా, బద్దెపురుగు: ఒకే వర్గం, రెండు రకాల నాడీ వ్యవస్థలు

ప్లనేరియా, బద్దెపురుగు రెండూ ప్లాటీహెల్మింథిస్ (చదునైన పురుగుల) వర్గానివే. రెండింటికీ తలభాగంలో నాడీకణాల ముద్ద ఉంటుంది, అక్కడి నుంచి నాడీ దండాలు వెనక్కి సాగుతాయి. పోలిక దాదాపు అక్కడితో సరి.

ప్లనేరియా నీళ్లలో స్వేచ్ఛగా తిరుగుతూ ఆహారం వెతుక్కోవాలి. అందుకే దాని మెదడు రెండు తమ్మెలుగా స్పష్టంగా కనిపిస్తుంది. కింది వైపు రెండు నాడీ దండాలు, వాటిని కలుపుతూ అడ్డ నాడులు: చూస్తే అచ్చం నిచ్చెనే. తలమీది రెండు కంటిచుక్కల్లో కటకం లేదు, బొమ్మ కనబడదు. కానీ నల్లని వర్ణకపు గిన్నె ఒకవైపు వెలుతురును ఆపేస్తుంది కాబట్టి, కాంతి ఎటునుంచి వస్తోందో తెలిసిపోతుంది. వెంటనే చీకటివైపు తిరుగుతుంది. తల పక్కల చెవుల్లా కనిపించేవి వినడానికి కావు, నీటిలోని రసాయనాలను పసిగట్టడానికి. తల నరికేసినా కొన్ని రోజుల్లో మెదడు, కళ్లతో సహా కొత్త తల మొలుస్తుంది! నాకు ఇంతకంటే అద్భుతం ఇంకొకటి కనబడదు.

పేగులో బతికే ప్రౌఢ బద్దెపురుగుకు కళ్లు లేవు. ఆ చీకట్లో వాటి అవసరమూ లేదు. అయినా దాన్ని నాడులు లేని జీవి అనుకోవడం పొరపాటు. పేగు గోడను పట్టుకునే తలలో నాడీకణాలు గుమిగూడి ఉంటాయి, దండాలు ఖండితాలన్నిటి (శరీరంలోని వరుస ముక్కల) గుండా చివరిదాకా వెళ్తాయి. చర్మంలో స్పర్శను గుర్తించే నాడీ కొనలూ ఉన్నాయి.